బొంత మీద పేరేది?

న్యూజెర్సీలో మా ఊరి లైబ్రరీలో క్విల్టు (గుడ్డముక్కలు కలిపి పొరలుగా కుట్టే ఇక్కడి బొంత) కుట్టడం నేర్పే నల్లజాతి పెద్దావిడ, అమ్మమ్మ బొంతను వెనక్కి తిప్పి చూసి "కుట్టినామె పేరెక్కడ?" అని కాస్త కటువుగానే అడిగింది. బొంతకు పేరెందుకు, ఇంట్లోవాళ్లకు తెలియదా అనిపించింది. కానీ ఆ ప్రశ్న వదలడం లేదు.

ఆ కటువుతనం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఫెయిత్ రింగ్‌గోల్డ్ పని చూస్తే అర్థమవుతుంది. 1930లో న్యూయార్క్‌లోని నల్లజాతివాళ్ల పేట హార్లెమ్‌లో పుట్టి, 2024లో ఇక్కడే న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో కన్నుమూసిన నల్లజాతి చిత్రకారిణి. ఇద్దరు ఆడపిల్లలను పెంచుతూ, న్యూయార్క్ బడుల్లో పాఠాలు చెబుతూ బొమ్మలు వేసింది. ఆమె పూర్వీకురాలు ఒకామె బానిసగా యజమానుల ఇంటికి క్విల్టులు కుట్టింది. వాటి మీద ఎవరి పేరుంటుంది? తల్లి విల్లీ పోసీ దుస్తుల డిజైనర్. తల్లీకూతుళ్లు కలిసి 1980లో మొదటి క్విల్టు చేశారు, మరుసటి ఏడే తల్లి పోయింది. తన జీవితకథను అచ్చువేసేవారు దొరక్కపోతే, 1983 నుంచి కథలను గుడ్డ మీదే రాసి బొమ్మల పక్కన కుట్టేసింది. ప్రేమ, పని, కోపం, అన్నీ ఆ కుట్లలోనే.

గుడ్డను ఎంచుకోవడంలో లెక్క కూడా ఉంది. చట్రానికి బిగించిన పెద్ద కాన్వాసును మోయాలంటే మనుషులు కావాలి, లారీ కావాలి. క్విల్టయితే చుట్టి తనే పట్టుకెళ్లొచ్చు. అయితే క్విల్టులో కలిపి కుట్టే కాన్వాసు గుడ్డ మీద అక్రిలిక్ రంగు మందంగా పడితే సూది దిగదు, దిగినా ఆ చిల్లు మళ్లీ పూడదు. అందుకే పూతలు పల్చగా ఉండాలి. చుట్టేటప్పుడు రంగువైపు బయటికి ఉండాలి. లోపలికి చుడితే రంగు నలిగి ముడతలు పడుతుంది. గోడకు మేకులు కొట్టి వేలాడదీస్తే మూలలు సాగిపోతాయి. వెనక పై అంచు పొడుగునా 4 అంగుళాల వెడల్పు గుడ్డ గొట్టం కుట్టి, అందులో కర్ర దూర్చితే బరువు సమానంగా పడుతుంది.

1988లో ఆమె చేసిన 'టార్ బీచ్' (తారు పూసిన మేడే ఆ బీచ్) క్విల్టు న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఉంది. వేసవి రాత్రి మేడ మీద పెద్దవాళ్లు పేకాడుతుంటే పిల్లలు పక్క మీద పడుకుని ఉంటారు. మనకు వేరే చెప్పాలా! అందులో పాప జార్జి వాషింగ్టన్ వంతెన మీదుగా ఎగురుతుంది. ఆ వంతెన కట్టినవాళ్లలో వాళ్ల నాన్నా ఉన్నాడు, కానీ కార్మికుల యూనియన్‌లో చోటివ్వరు. ఆ మాటలు కూడా పైనా కిందా గుడ్డ పట్టీల మీద రాసే ఉంటాయి.

మన బొంత తక్కువదేం కాదు. ఇక్కడ కొత్త గుడ్డ గజాల్లెక్కన కొని ముక్కలు చేసి కలుపుతారు. మనం ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలను పొరలుగా పరిచి కుడతాం. మధ్యలో ఒక పాలిస్టర్ చీర పడిందా, నూలు కుంచించుకున్నప్పుడు అది కుంచించుకోక ఉబ్బుతుంది. అమ్మమ్మలకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. అంత తెలివికి పేరు లేదు. నర్సాపురం లేసు సముద్రాలు దాటి వచ్చి ఇళ్లలో బల్లల మీద పరుచుకుంది, అల్లినామె పేరు దానితో రాలేదు. 'ఇంట్లోవాళ్లకు తెలుసు' అన్నది నాకిప్పుడు చాలడం లేదు. మనవలకు తెలియదు కదా.

పేరు పట్టీకి ఉతికిన తెల్ల నూలుగుడ్డ తీసుకోండి. గుడ్డ మీద చెదరని పిగ్మెంటు సిరా పెన్నుతో రాయండి. మామూలు బాల్‌పెన్ను సిరా ఉతికితే పాకుతుంది. కుట్టినామె పేరు, ఊరు, తెలిసినంతవరకు ఏడాది రాసి, ఆరాక ఇస్త్రీ చేయండి. అంచులు పావు అంగుళం లోపలికి మడిచి, బొంత వెనక కింది మూలలో వెనక పొరకే సూది తగిలేలా కుట్టండి. ముందు వైపుకు కుట్టు రాకూడదు. ఇంటిపేరు పుట్టింటిదా అత్తింటిదా అని తేలకపోతే రెండూ రాయండి.