అత్తమ్మ మోకాళ్ళు, చిన్నోడి నిద్ర చూసుకుని వండలూరు జూకి వెళ్ళొచ్చాం - నా అనుభవం

సంక్రాంతికి సూళ్ళూరుపేట వెళ్ళినప్పుడు అత్తమ్మని బతిమాలి మాతో పాటు చెన్నై తీసుకొచ్చాం, ఒక నెల ఉండి వెళ్ళమని. పెరంబూర్‌లో మాది రెండో ఫ్లోర్, లిఫ్ట్ లేదు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, అందుకని ఒకసారి పైకి ఎక్కితే ఇంక కిందకి దిగడానికి మనసు రాదు. వారం రోజుల పాటు టీవీ, బాల్కనీ, కూరగాయల బండి అతనితో పైనుంచే నాలుగు మాటలు, ఇంతే. నాకు చూస్తుంటే బాధేసింది. ఆ టైంలోనే మా పాప, దానికి తొమ్మిదేళ్ళు, నాయనమ్మకి జూ చూపిద్దాం అమ్మా అని మళ్ళీ మొదలుపెట్టింది, దాంతో పాటు నాలుగేళ్ళ మా చిన్నోడు సింహం సింహం అని.

అత్తమ్మ విని "జూ అంటే సెంట్రల్ స్టేషన్ పక్కనే గదా, దానికి ఇంత ఆలోచన ఏందమ్మా" అనింది. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది ఏంటంటే ఆవిడకి ఏడెనిమిదేళ్ళు ఉన్నప్పుడు వాళ్ళ నాన్న సూళ్ళూరుపేట నుంచి రైల్లో మద్రాసు తీసుకొచ్చి మూర్ మార్కెట్ వెనక జూ చూపించాడంట. అప్పట్లో ఊళ్ళోవాళ్ళు ఎగ్మూరు మ్యూజియంని చచ్చిన కాలేజీ అని, జూని బతికిన కాలేజీ అని అనేవాళ్ళంట, ఈ మాట నేను మొదటిసారి వినడం. ఆ జూ 1855లో మ్యూజియంలోనే మొదలైంది, తర్వాత సెంట్రల్ పక్కన పీపుల్స్ పార్కుకి మారింది, అక్కడ చోటు చాలక 1985లో ఊరి చివర వండలూరుకి వెళ్ళిపోయింది. అంటే అత్తమ్మ చూసిన జూ ఇప్పుడు అక్కడ లేదు. చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే ఆ కొత్తదే చూద్దాం పద" అనింది. ఆ మాటతో నేను గట్టిగా అనుకున్నాను, ఆవిడకి ఒక్క చోట కూడా ఇబ్బంది లేకుండా తీసుకెళ్ళాలి అని.

మామూలుగా మేము ఎక్కడికన్నా వెళ్ళాలంటే ఏమేం చూడాలో ముందు రాసుకుంటాం, తర్వాత టైం లేక సగం వదిలేసి అందరూ చిరాకుతో ఇంటికొస్తాం. ఈసారి తిప్పి ఆలోచించా. మాలో అందరికంటే తక్కువ నడవగలిగేది ఎవరు, అత్తమ్మ, వరసగా పది నిమిషాలు, తర్వాత కూర్చోవాలి. అందరికంటే ముందు అలిసిపోయేది ఎవరు, చిన్నోడు, ఒంటిగంటకి నిద్ర వచ్చేస్తది, ఆ టైంకి పడుకోకపోతే మిగతా రోజంతా ఏడుపే. అత్తమ్మకి షుగర్ కాబట్టి పన్నెండున్నరకి తినాల్సిందే. ఈ మూడూ కాగితం మీద రాసి మిగతా ప్లాన్ అంతా వీటి చుట్టూ కట్టా.

ముందుగా, వెళ్ళడానికి ఒక రోజు కుదరడమే పెద్ద పని అయింది. అసలు మా ఆయన పండక్కి ముందే ముక్కనుమ నాటికి తిరిగొచ్చేద్దాం, ఆ రోజు ఎలాగూ లీవే కదా జూకి పోదాం అన్నారు. కింద ఇంట్లో ఉండే తమిళ అక్క నన్ను ఆపింది, మన ముక్కనుమ రోజే వాళ్ళకి కాణుం పొంగల్, ఆ రోజు ఊరు ఊరంతా బీచ్‌కీ వండలూరుకీ పోతుంది, పెద్దావిడతో వద్దే వద్దు అనింది. ఆవిడ చెప్పింది నిజం, ఆ రోజు టీవీలో ఆ జనాన్ని చూసి దండం పెట్టుకున్నా. తర్వాత పాప స్కూల్‌కి ఒక మంగళవారం లీవు ఇచ్చారు, హమ్మయ్య అనుకుని చూస్తే జూకి మంగళవారం సెలవు. శని ఆదివారాలు జనం ఎక్కువ. చివరికి మా ఆయన ఒక గురువారం లీవు పెట్టారు, పాప క్లాస్ టీచర్‌కి నేను ఉన్నదున్నట్టే లెటర్ రాశా, నాయనమ్మతో జూకి వెళ్తున్నాం, ఒక్క రోజు పంపడం లేదు అని. జ్వరం అని అబద్ధం రాయడం నాకు ఇష్టం లేదు, పైగా ఆ లెటర్ తీసుకెళ్ళి ఇచ్చేది పాపే కదా. టీచర్ ఏమీ అనలేదు, వచ్చాక క్లాసులో చెప్పమన్నారంట.

టికెట్లు ఆన్‌లైన్‌లో తీసుకున్నాం, కౌంటర్ లైన్లో ఆవిడని నిలబెట్టలేం కాబట్టి. ఇక్కడ ఒక ఇబ్బంది వచ్చింది. పేమెంట్ చేసేటప్పుడు స్క్రీన్ తిరుగుతానే ఉంది, డబ్బులు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, టికెట్ మాత్రం రాలేదు, కంగారులో నేను మళ్ళీ కట్టేశా, అప్పుడు టికెట్ వచ్చింది, రెండుసార్లు డబ్బులు పోయాయి. మొదటిది ఐదు రోజులకి వెనక్కి వచ్చింది గానీ ఆ ఐదు రోజులూ నాకు అదే ఆలోచన. మీరైతే కంగారు పడకండి, ఒక పావుగంట ఆగి మెయిల్, మెసేజ్ రెండూ చూసుకుని అప్పుడు మళ్ళీ ట్రై చేయండి, ట్రాన్సాక్షన్ నంబర్ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఎంట్రీ టికెట్ వేరు, లోపల తిప్పే బ్యాటరీ బండికి వేరు, లయన్ సఫారీకి వేరు. వండలూరు జూ 602 హెక్టార్లు, అంటే దాదాపు 1500 ఎకరాల అడవి, నడిచి చూస్తాం అనుకుంటే కాళ్ళు బాగున్నవాళ్ళకే కష్టం, మా ఇంట్లో అయితే బ్యాటరీ బండి లేకపోతే ట్రిప్పే లేదు.

ఇంక ఎలా వెళ్ళాలి. క్యాబ్ అయితే ఇంటి ముందు ఎక్కి జూ ముందు దిగొచ్చు గానీ పొద్దున గిండీ, తాంబరం ట్రాఫిక్‌లో రెండు గంటలు ఒకే భంగిమలో కూర్చుంటే అత్తమ్మ మోకాళ్ళు బిగుసుకుపోతాయి, చిన్నోడికి కార్లో వాంతులు. లోకల్ ట్రైన్ అయితే కాళ్ళు చాపుకోవచ్చు, మనిషికి 20 రూపాయలు కూడా అవ్వదు, కానీ మధ్యలో మారాలి. పెరంబూర్ నుంచి మూర్ మార్కెట్ కాంప్లెక్స్, అంటే సెంట్రల్ పక్కన లోకల్ ట్రైన్లు ఆగే స్టేషన్, అక్కడ దిగి రోడ్డు అవతల పార్క్ స్టేషన్‌కి వెళ్ళి చెంగల్పట్టు ట్రైన్ ఎక్కాలి. కొత్తవాళ్ళకి ఒక మాట, చాలా ట్రైన్లు తాంబరంతోనే ఆగిపోతాయి, వండలూరు దానికి అవతల, పెరుంగళత్తూరు తర్వాత స్టేషన్, అందుకని బోర్డు మీద చెంగల్పట్టు అని ఉందో లేదో చూసి ఎక్కాలి, లేకపోతే తాంబరంలో దిగి ఇంకో బండి కోసం నిలబడాలి.

నాకు భయం అంతా ఆ మారే చోటే. అందుకని ముందు ఆదివారం మా ఆయన ఒక్కరే వెళ్ళి మెట్లు లెక్కపెట్టుకొచ్చారు, నిజంగా. పాత సబ్‌వేలో దిగే మెట్లు, ఎక్కే మెట్లు, రెండు వైపులా ఉన్నాయి, అదే సెంట్రల్ మెట్రో స్టేషన్ లోంచి వెళ్తే నడక కొంచెం ఎక్కువైనా లిఫ్టు, ఎస్కలేటర్ ఉన్నాయి. ఆయన వచ్చి ఒక కాగితం మీద బొమ్మ గీసి ఎక్కడ లిఫ్టు, ఎక్కడ కూర్చోవడానికి చోటు ఉంది అన్నీ రాసిచ్చారు. వాళ్ళమ్మ కోసం ఆయన ఇంత ఓపిగ్గా చేయడం చూసి నాకు చాలా సంతోషంగా అనిపించింది.

బుధవారం రాత్రి సర్దుడు. జూ గేట్ దగ్గర ప్లాస్టిక్ కోసం బ్యాగులు చూస్తారు, అందుకని బిస్కెట్లు, జంతికలు ప్యాకెట్లు విప్పి స్టీల్ డబ్బాల్లో పోశా, నీళ్ళు స్టీల్ బాటిల్స్‌లో. అత్తమ్మకి రెండు చపాతీలు, కొంచెం పెరుగన్నం, మాత్రలు, మోకాలి బెల్టు, నొప్పి ఆయింట్‌మెంట్. చిన్నోడికి ఒక జత బట్టలు, నిద్రపోతే పరవడానికి పాత చీర. ఆ చీర గురించి మళ్ళీ చెప్తా.

గురువారం పొద్దున్నే బయల్దేరాం, అత్తమ్మ గద్వాల చీర కట్టుకుని తయారైపోయింది. మెట్లు మెల్లిగా దిగడానికే పది నిమిషాలు. ఆఫీసుల రద్దీ పెరిగేలోపే పార్క్‌లో ఎక్కేశాం, సీట్లు దొరికాయి. వండలూరు స్టేషన్ నుంచి జూ దగ్గరే గానీ జీఎస్టీ రోడ్డు అనే ఆ హైవే మీద బస్సుల మధ్య ఆవిడని నడిపించలేక ఆటో ఎక్కేశాం, ఆటో అతను "పాట్టీ (తమిళంలో అవ్వా అని), మెల్లగా" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. గేటు తీసేసరికి మేము అక్కడ ఉన్నాం. తొందరగా వెళ్ళడం ఎందుకు అంటే ఎండ ఎక్కితే జంతువులు నీడకి వెళ్ళి పడుకుంటాయి, పదకొండు దాటాక వెళ్ళినవాళ్ళకి చాలా వాటి వీపులే కనపడతాయి.

బ్యాటరీ బండిలో ముందు సీటు అత్తమ్మకి ఇమ్మని డ్రైవర్‌ని అడిగితే వెంటనే ఒప్పుకున్నాడు, కాలు చాపుకోవడానికి చోటు దొరికింది. తెల్లపులి దగ్గర బండి ఆగింది. పాప ముందే చదువుకుని పెట్టుకుంది, 1951లో రీవా మహారాజు పట్టించిన మోహన్ అనే తెల్లపులి పిల్ల ఉంది నాయనమ్మా, జూల్లో ఉండే తెల్లపులులు చాలావరకు దాని వంశమే, ఇది వేరే జాతి కాదు మామూలు పులే, జీన్ వల్ల రంగు అలా వస్తుంది అని గడగడా చెప్పింది. అత్తమ్మ మాత్రం పులి కంటే ముందు కందకం వైపు చూస్తా ఉంది. "ఊచలు లేవేందే" అనింది. చిన్నప్పుడు ఆవిడ చూసిన పులి ఇనప ఊచల వెనక, నాలుగడుగులు ఇటు నాలుగడుగులు అటు తిరుగుతా ఉండేదంట, ఆ వాసన ఇప్పటికీ గుర్తుందంట. ఇక్కడ పులికి చెట్లు, గడ్డి, నీళ్ళ తొట్టి, మనకీ దానికీ మధ్య లోతైన కందకం. పులి లేచి నీళ్ళలో ముందు కాళ్ళు పెట్టి, ఒకసారి మా వైపు చూసి, మెల్లగా నడుం దాకా దిగి కూర్చుంది. అత్తమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలానే చూసింది. డ్రైవర్ కూడా తొందర పెట్టలేదు.

నీటి ఏనుగు, కొండముచ్చులు, సింగలీకం అన్నీ చూశాం, వాటి గురించి పెద్దగా రాయను. కానీ గూడబాతుల దగ్గర అత్తమ్మే గైడ్ అయిపోయింది. మా వైపు నేలపట్టు చెరువుకి ఏటా గూడబాతులు వస్తాయి, చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెడతాయి, సూళ్ళూరుపేటలో పుట్టినవాళ్ళకి ఇవి ఇంటి పిట్టల లెక్క. "ఆ మూతి కింద సంచి చూడు, చేపలు అందులో పట్టి నీళ్ళు వొంపేసి మింగుద్ది, పిల్లలు తల్లి గొంతులో తల పెట్టి తింటాయి. ఇవి వచ్చిన ఏడు వానలు బాగుంటాయని మా నాన్న అనేవాడు, వీటి రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి మంచి బలం" అని చెప్తుంటే పక్కన ఉన్న తెలుగు వాళ్ళు ఇంకో ఇద్దరు కూడా ఆగి విన్నారు. వారం రోజులుగా మా ఇంట్లో ఇంత గట్టిగా ఆవిడ గొంతు నేను వినలేదు.

పన్నెండున్నరకి నీడలో బెంచీ చూసుకుని అత్తమ్మకి పెట్టేశా. ఒంటిగంటకి చిన్నోడు అనుకున్నట్టే వాలిపోయాడు, అదిగో అప్పుడు ఆ పాత చీర పరిచా. సఫారీ టైం కూడా అప్పుడే వచ్చింది. అందరం కలిసే వెళ్ళాలి అని పట్టు పట్టకుండా మా ఆయన, పాప వెళ్ళారు, నేనూ అత్తమ్మా చిన్నోడి పక్కన ఉండిపోయాం. వాళ్ళకి కనపడింది ఒక ఆడ సింహం, చెట్టు కింద పడుకుని తోకతో ఈగలు తోలుకుంటా ఉందంట, అయినా పాప మొహం వెలిగిపోతా వచ్చింది. చిన్నోడు లేచాక సింహం ఏది అని ఏడ్చాడు, దానికి నాకు చాలా బాధనిపించింది, ఫోన్లో వీడియో చూపించి ఊరుకోబెట్టాం. మళ్ళీ వెళ్తే సఫారీ పొద్దునే పెట్టుకుంటా, బ్యాటరీ బండి తర్వాత. మీరు పిల్లలతో వెళ్తుంటే ఈ వరస ముందే అడిగి చూసుకోండి.

మూడింటికి ఇంక చాలు అనుకుని బయటికి వచ్చేశాం. చూడనివి చాలా ఉన్నాయి, నిశాచర జంతువుల ఇల్లు, ఓటేరి చెరువు వైపు అసలు వెళ్ళనే లేదు. అత్తమ్మ కాళ్ళు కొంచెం వాచాయి, ట్రైన్‌లో ఎదురు సీటు మీద కాళ్ళు పెట్టించి ఆయింట్‌మెంట్ రాశా.

మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో పెరంబూర్ బండి కోసం కూర్చున్నప్పుడు పాప అడిగింది, నాయనమ్మా నువ్వు చూసిన జూ ఇక్కడ ఏ వైపు అని. అత్తమ్మ లేచి నిలబడి అటూ ఇటూ చూసింది, అన్నీ ప్లాట్‌ఫారాలు, కరెంటు తీగలు, బిల్డింగులు. "ఆ పక్క మార్కెట్టు, పాత పుస్తకాలు అమ్మేవాళ్ళు, దాన్ని దాటుకుని పోతే ఏనుగు ఉండేది, మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు" అని చేత్తో చూపించింది. మా ఆయన చిన్నోడిని ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నారు, వాడు ఆ వైపు చూసి "ఏనుగు ఏది" అన్నాడు, అంతలో బండి వచ్చేసింది.