కోయని గడ్డిలో గిలక్కాయలు

జులై మూడో వారం. ఇంగ్లండ్‌లోని గ్రేట్ డిక్స్‌టర్ తోట గేటు దాటగానే మా అక్క ఆగిపోయింది. "ఇదేంటే, ఇంత పేరున్న తోట, గడ్డి కూడా కోయలేదు?" అంది. నిజమే. గేటు నుంచి ఇంటి గుమ్మం దాకా రాళ్లు పరిచిన బాట, దానికి రెండు పక్కలా మోకాలెత్తు గడ్డి. సగం ఎండి గోధుమ రంగుకు తిరిగింది. లండన్‌లో రైలెక్కి, ఆష్‌ఫర్డ్‌లో మారి, రై స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి టాక్సీలో నార్తియమ్ ఊరికి వచ్చింది దీనికోసమా అని ఒక్క క్షణం నాకూ అనిపించింది.

ఇది మొదటి నుంచీ ఒక కుటుంబం ఉండే ఇంటి తోట. 1910లో నథానియెల్ లాయిడ్ ఇక్కడి పాత ఇల్లు కొని, ఎడ్విన్ లుట్యెన్స్ అనే ఆర్కిటెక్ట్‌తో బాగుచేయించాడు. గడ్డిలో పూలు పెంచడం మీద ఇష్టం ఆయన భార్య డెయిజీది. గంటల్లా వేలాడే పూలు పూసే ఫ్రిటిలరీ మొక్కల్ని గింజ నుంచి మొలిపించి మరీ ఆ గడ్డిలో నాటేదట. వాళ్ల చిన్న కొడుకు క్రిస్టఫర్ లాయిడ్ 2006లో చనిపోయేదాకా ఆ పచ్చికను అలాగే కాపాడాడు.

నేను వంగి చూస్తుంటే పక్క మడిలో పనిచేస్తున్న అమ్మాయి లేచి వచ్చింది. ఒక ఎండు కాడ తుంచి నా చెవి దగ్గర ఊపింది. గలగలమంది! దాని పేరు ఎల్లో రాటిల్, అంటే పసుపు గిలక్కాయ. కాగితం పొట్లంలా ఉబ్బిన తొడుగు, అందులో కాయ, కాయలో పల్చటి బిళ్లల్లాంటి గింజలు. నేల మీద చూస్తే చాలా మామూలు మొక్క. నేల కింద దాని వేళ్లు గడ్డి వేళ్లను పట్టుకుని నీళ్లూ పోషకాలూ లాగేసుకుంటాయి. దాంతో గడ్డి జోరు తగ్గి ఆర్కిడ్లకూ మిగతా పూలకూ చోటు దొరుకుతుంది. ఇది ఒక్క ఏడాది మొక్క. గింజ రాలకముందే కోసేస్తే మరుసటి ఏడాది ఉండదు. అందుకే ఆగస్టు దాకా ఆగుతారు. కోసిన గడ్డిని కూడా అక్కడే వదిలేయరు, ఎత్తి తీసుకెళ్లిపోతారు. అది కుళ్లితే నేలకు బలం వస్తుంది, బలం వస్తే గడ్డి పెరిగి పూలను మింగేస్తుంది. ఇన్నేళ్లుగా మొక్క కనిపిస్తే చాలు ఎరువు వేసిన నాకు, నేలను కావాలని బీదగా ఉంచడం వినడానికే వింతగా ఉంది.

తర్వాత లాంగ్ బార్డర్ అనే పొడవాటి పూలమడి చూశాం. రంగుల గురించి చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. నా మనసు మాత్రం యూ అనే సతతహరిత చెట్ల దగ్గరే ఉండిపోయింది. గోడల్లా, నెమళ్లలా నున్నగా కత్తిరించి పెట్టారు. వాటి పక్కనే పిచ్చిగా పెరిగిన గడ్డి. ఆ తీరైన అంచు ఉండబట్టే గడ్డి నిర్లక్ష్యంగా కాక, కావాలని పెంచినట్టు కనిపిస్తుంది. గడ్డి మధ్యలో కోసిన సన్నటి నడకదారి చేసే పనీ అదే. "ఓహో, అంచు సరిచేస్తే చాలన్నమాట" అంది అక్క. అప్పటికి తన మొహం విప్పారింది.

2017 నుంచి 2019 దాకా ఈ ఎస్టేట్ అంతటా జీవజాతుల్ని లెక్కపెట్టించారు. పాత అడవి ఉంది, పశువులు మేసే బీళ్లున్నాయి. అయినా అన్నిటికంటే ఎక్కువ వైవిధ్యం తేలింది పూలతోటలోనే! ఇక్కడ అన్నీ స్థానిక మొక్కలేం కావు, లాంగ్ బార్డర్‌లో విదేశీ పూలు బోలెడు. కానీ నెలల తరబడి ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది. పచ్చికలో స్థానిక మొక్కలు ఉన్నాయి. కామన్ బ్లూ సీతాకోకచిలుక గొంగళికి బర్డ్స్‌ఫుట్ ట్రెఫాయిల్ లాంటి ఆకులే కావాలి, ఎంత అందమైన పరాయి పువ్వూ ఆ పని చేయలేదు. వీటికి తోడు చెరువు, పాత కలప, పగుళ్లున్న గోడలు.

గోడల మాట నేను ఊరికే అనడం లేదు. బయటికొస్తుంటే పాత ఇటుకల మధ్య సున్నం రాలిన సందులోకి ఒక చిన్న తేనెటీగ దూరడం చూశాను. ఒంటరిగా గూడు పెట్టుకునే రకం. పోయినేడాది మా ప్రహరీ గోడ పగుళ్లన్నీ నేనే దగ్గరుండి సిమెంటుతో పూడ్పించాను. టాక్సీ వచ్చిందని అక్క పిలుస్తున్నా, ఆ తేనెటీగ మళ్లీ బయటికొచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.