ప్లాస్మా ఫిజిక్స్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) వెతుకుతున్నారా?

థీసిస్ సమర్పించడానికి ఏడాది ముందే మొదలుపెట్టండి. ప్రిన్స్‌టన్ ప్లాస్మా ల్యాబ్, జర్మనీలో గార్చింగ్, గ్రైఫ్స్‌వాల్డ్‌లలో ఉన్న మాక్స్ ప్లాంక్ ప్లాస్మా ఫిజిక్స్ సంస్థ, లొజాన్‌లోని స్విస్ ప్లాస్మా సెంటర్ ఉద్యోగాల పేజీలు వారానికోసారి చూస్తే చాలు. అసలు కష్టపడాల్సింది గ్రూపు నడిపే శాస్త్రవేత్తకు రాసే మెయిల్ మీద. "మీ పరిశోధన నాకెంతో ఆసక్తి" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. లాంగ్‌మ్యూర్ ప్రోబ్‌తో (ప్లాస్మాలో ఉంచి కొలిచే చిన్న లోహపు మొన) ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత కొలిచారా? ప్రోబ్ చుట్టూ ఏర్పడే పలుచని పొర, అంటే షీత్, విస్తరణను లెక్కలోకి ఎలా తీసుకున్నారో రెండు వాక్యాల్లో చెప్పండి. సిమ్యులేషన్ చేసినవాళ్లయితే ఏ కోడ్, ఎన్ని ప్రాసెసర్ కోర్లు అన్నది రాయండి.

యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌లో చాలామందిని ఆపేది మొబిలిటీ నిబంధన: దరఖాస్తు గడువుకు ముందరి 36 నెలల్లో, మీరు వెళ్లాలనుకునే దేశంలో 12 నెలలకు మించి నివసించినా, పనిచేసినా సాధారణంగా అర్హత ఉండదు.

ఫ్యూజన్ (కేంద్రక సంలీనం) పరిశోధనలోనే ఉద్యోగం దొరకాలని పట్టుబట్టకండి. చిప్ ఎచింగ్‌కు (చిప్‌ల మీద సన్నని ఆకారాలు చెక్కడానికి) వాడే తక్కువ ఉష్ణోగ్రత ప్లాస్మా గ్రూపుల్లో మీ ప్రోబ్, స్పెక్ట్రోస్కోపీ నైపుణ్యం నేరుగా పనికొస్తుంది.