కన్నార్పితే బతికున్నట్టు

అక్టోబరు 7, మంగళవారం

నాన్నగారు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హాల్లో కూర్చున్నారు. "ఇంట్లోనే, ఫోన్లోనే కదా నాన్నా" అంటే, "ముఖం చూస్తారన్నావుగా" అన్నారు.

ఏటా ఇదో తంతు. పెన్షన్ ఆగకుండా రావాలంటే బతికే ఉన్నామని సర్కారుకి రుజువివ్వాలి. మామూలుగా నవంబరులో. 80 దాటినవాళ్లకి అక్టోబరు 1 నుంచే తీసుకుంటారు. ఈయనకి 83. ఒకప్పుడు బ్యాంకులో సంతకం పెట్టొచ్చేవారు. 2014లో జీవన్ ప్రమాణ్ అని ఆన్‌లైన్ పద్ధతి వచ్చాక వేలిముద్ర అన్నారు. ఈయన వేళ్లేమో మిషన్‌కి ఆనవు. తంతి ఆఫీసులో టెలిగ్రాఫ్ కీ కొట్టి కొట్టి అరిగాయని ఆయన, వయసని నేను. ఇప్పుడు ముఖం చూపిస్తే చాలట.

చాలన్నమాటే గానీ దానికి రెండు యాప్‌లు. ముందు సాయం చేసేవాళ్ల ముఖం చూపించాలి, ఆ తర్వాతే పెన్షన్‌దారుది. నేను అరగంట కుస్తీ పట్టి, అమ్మాయిని పిలిచాను. "అమ్మా, పోయినేడు నువ్వే చేశావుగా?" అంది. చేశాను. కానీ అప్పుడున్న బటన్ ఇప్పుడు అక్కడ లేదు.

ఓటీపీ వచ్చింది. అమ్మాయి పైకి చదివింది. నాన్నగారి చూపుడువేలు కుర్చీ చేతి మీద టకటకా ఆడింది. ఏంటని అడిగితే నవ్వారు. మోర్స్‌లో, అంటే టెలిగ్రాంల చుక్క-గీతల భాషలో, అంకె ఒక్కోదానికి అయిదు దెబ్బలు, ఆరంకెలకి ముప్పై. 1963లో తంతి తపాలా శాఖలో చేరిన చెయ్యి. అది తనంతట తానే కొట్టేస్తుందట.

ఫారంలో ఓ ప్రశ్న: మళ్లీ పెళ్లి చేసుకున్నారా? అమ్మ పోయి తొమ్మిదేళ్లు. చదవాలా వద్దా అని నేను నసుగుతుంటే, "ప్రస్తుతానికి లేదని కొట్టవే" అన్నారు మనవరాలితో.

తర్వాత కన్నార్పమంది ఫోను. ఈయన రెప్ప వాల్చకుండా గుడ్లప్పగించి చూశారు. పాస్‌పోర్టు ఫొటో అలవాటు! నాలుగోసారికి కుదిరింది.

పెళ్లి మాట వచ్చింది గనక గ్రీటింగ్ టెలిగ్రాంల కబుర్లు మొదలయ్యాయి. పెళ్లి శుభాకాంక్షలకి 8 అని ఒక్క అంకె పంపితే చాలు, అవతలి ఆఫీసులో మొత్తం వాక్యం రాసి అందించేవారు. "అంటే స్టిక్కర్ లాగా అన్నమాట తాతయ్యా" అంది అమ్మాయి. ఆయనకి స్టిక్కరంటే ఏంటో తెలుసు. రోజూ పొద్దున పూలవి నాకు పంపేది ఆయనే.

"పెద్దవాళ్లకి కొత్తవి ఎక్కవు" అని నేనే చాలాసార్లు అనేశాను, ఆయన వినేట్టుగా కూడా. ఇవాళ కాఫీ తాగుతూ ఓ మాటన్నారు. "మాకు మోర్స్ పోయి, టైపు చేసి పంపే టెలిప్రింటర్ వచ్చినప్పుడు ఆర్డరొచ్చింది. ట్రైనింగ్‌కి పంపారు, జీతమిచ్చి. చెయ్యి తిరిగేదాకా పాత కీ పక్కనే ఉంచారు. మీకెవరు చెప్పారే ఇవన్నీ?"

ఎవరూ చెప్పలేదు. పోయిన నెల నా బ్యాంకు యాప్ ఓ రాత్రి వేషం మార్చేసుకుంది. కరెంటు బిల్లు కట్టే చోటు కనబడక రెండు రోజులు తిరిగి, చివరికి అమ్మాయినడిగాను. "అప్‌డేట్ అయిందమ్మా" అంది, తలెత్తకుండా. అచ్చం నేను నాన్నగారితో అనే గొంతే. దేశంలో 160 ఏళ్లకి పైగా నడిచిన టెలిగ్రాంని కూడా 2013 జూలైలో తేదీ ముందే చెప్పి మూశారు. ఈ యాప్‌లకి ఆపాటి మర్యాద కూడా లేదు. వేగం మీద నాకు కోపం లేదు గానీ, చెప్పాపెట్టకుండా మార్చడమేంటి?

సాయంత్రం చూస్తే ఆయన తన నోటుబుక్కులో ఇవాళ్టి పనంతా వరసగా రాసుకుంటున్నారు. ముందు ఏ యాప్ తెరవాలి, ఎవరి ముఖం, ఎక్కడ నొక్కాలి, ఎప్పుడు కన్నార్పాలి. తొమ్మిది మెట్లు, గుండ్రటి అక్షరాల్లో. జేబులో పెన్నుండగా పెన్సిల్ పట్టుకున్నారేంటి నాన్నా అన్నాను.

"వచ్చే ఏడు చెరిపి రాసుకోవాలి కదమ్మా" అన్నారు.