తెర మీదుగా పడే జడ

కూచిపూడి నృత్యనాటకం భామాకలాపంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం సత్యభామ ఇంకా కనపడకముందే వచ్చేస్తుంది. ఇద్దరు తెర పట్టుకుని నిలబడితే వెనక నుంచి పొడవాటి జడ ఒకటి తెర మీదుగా ఇవతలికి పడుతుంది, అంతే, ముఖం చూడకుండానే ఆవిడ గర్వం మనకి తెలిసిపోతుంది. 1970లో పద్మశ్రీ అందుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఏళ్ల తరబడి ఆ జడ వేసుకున్నారు. మగవాళ్లే ఆడవేషాలు కట్టే కూచిపూడి సంప్రదాయంలో పెరిగిన మనిషి.

వేషమంటే చీర, నగలు, రంగు అనుకుంటాం గానీ, నన్నడిగితే అసలు మార్పు నడుము దగ్గర, మెడ తిప్పే తీరులో, చూపు ఎంతసేపు ఆపాలన్న లెక్కలో ఉంటుంది. నాటకాల రిహార్సల్స్‌కి వెళ్లడం మొదలుపెట్టాక ఇది నాకు ఒంటికి తెలిసింది. కోపిష్ఠి పాత్రకి గొంతు పెంచడం కాదు, ఊపిరి బిగబట్టడం నేర్చుకోవాలి, అది వచ్చాక ఇంట్లో ఎవరు ఊపిరి బిగబట్టినా ఇట్టే పసిగడుతున్నాను, ముందు వాళ్లు చెప్పేది వినాలనిపిస్తోంది.