లే మెంబర్

సినడ్‌కు నన్ను ఎన్నుకున్నారని ఫోన్ చేసి చెబితే మా ఆయన అడిగిన మొదటి మాట: "లే మెంబర్ అంటే ఏంది? లే అన్నప్పుడల్లా లేచి నిలబడాల్నా?" ఆయన ఆర్టీసీ కండక్టర్. "అట్లయితే మా ప్రొద్దుటూరు బస్సులో పొద్దున ట్రిప్పుకు నలభై మంది ఉంటారు లే మెంబర్లు" అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు.

లే మెంబర్లంటే పాస్టర్ అయ్యగార్లు కాని సభ్యులు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), అంటే దక్షిణ ఇండియా సంఘం మొత్తానికి పెద్ద సభ సినడ్. అందులో బిషప్పులుంటారు, ప్రెస్బిటర్లుంటారు (అయ్యగార్లే), వాళ్ళతో పాటు నాలాంటి టీచర్లు, బ్యాంకు వాళ్ళు, రిటైరైన రైల్వే వాళ్ళు కూడా ఓటు హక్కుతో కూర్చుంటారు. ఊరి సంఘం నుంచి పాస్టరేట్ (ఒక అయ్యగారి కింద ఉండే సంఘాలు), పాస్టరేట్ నుంచి డయాసిస్ (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) కౌన్సిల్, కౌన్సిల్లో ఓట్లు పడితే సినడ్. మా రాయలసీమ డయాసిస్ ఆఫీసు కడపలోనే ఉంది. నేను పేరిచ్చింది గెలుస్తానని కాదు. స్త్రీల మైత్రిలో, అంటే మా సంఘం ఆడవాళ్ళ బృందంలో, ఇద్దరు అక్కలు వెంటపడితే ఇచ్చాను. ఓట్లు లెక్కపెట్టేటప్పుడు బయట వేపచెట్టు కింద కూర్చుని పదో తరగతి సోషల్ పేపర్లు దిద్దుకుంటున్నాను.

మాట ఊళ్ళో తెలిసిన ఆదివారమే ఒక పచ్చ ఫైలు నా చేతికొచ్చింది.

మా ఊరు జమ్మలమడుగు దగ్గర, పెన్నకు ఇవతల, నల్లరేగడి నేల. నేను పుట్టింది కూడా జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలోనే. మాది చిన్న గుడి, నాపరాళ్ళ మిద్దె. గుడి వెనక సమాధుల తోట. మూడేళ్ళ కింద వానలకు తోట గోడ ఒక పక్క కూలింది. అప్పట్నుంచి బర్రెలు లోపలికొచ్చి మేస్తాయి, పక్క చేని గట్టు ఏడాదికో జాన చొప్పున మా వైపు జరుగుతోంది. మా జేజి సమాధి ఆ మూలనే ఉంది. ఫైల్లో కూలిన గోడ ఫోటోలు, పురికొసతో కొలిచి రాసిన కొలతలు, ఒక పాత దస్తావేజు జిరాక్స్. జిరాక్స్‌కు జిరాక్స్ అన్నమాట, సగం అక్షరాలు మసి. కడప పేరు తెల్లదొరల కాలం నాటి పొడుగు స్పెల్లింగులో ఉంది.

"టీచరమ్మా, అంత పెద్ద సభ గదా. మన గోడ సంగతి ఒక్క మాట అడగల్ల నువ్వు" అన్నాడు సంఘ పెద్ద. ఎనభై దాటిన మనిషి. సరే పెద్దాయనా అన్నాను. అక్కడ అడిగే మాటేనా కాదా అని నాకే తెలియదు, అయినా సరే అన్నాను.

మా జేజికి చచ్చేదాకా మా గుడి లండన్ మిషన్ గుడే. సీఎస్ఐ అనే మాట ఆమె నోట నేను వినలేదు. లండన్ మిషన్ అంటే ఇంగ్లండు మిషనరీల సంస్థ, వాళ్ళు కడపకు వచ్చింది 1822లో. వాళ్ళ పద్ధతిలో బిషప్పు లేడు. సంఘం కూర్చుని మాట్లాడుకుని తీర్మానం చేసుకునేది. ఆంగ్లికన్లకేమో, అంటే ఇంగ్లండు చర్చి వాళ్ళకు, బిషప్పు లేని సంఘాన్ని ఒప్పుకోవడమే కష్టం. మెథడిస్టులది ఇంకో దారి. వీళ్ళంతా ఒకటి కావాలని 1919లో తమిళనాట తరంగంబాడిలో మొదలైన మాటలు తెమిలేసరికి 1947 సెప్టెంబర్ 27 వచ్చింది. మద్రాసు సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో, స్వాతంత్ర్యం వచ్చిన 43 రోజులకు సీఎస్ఐ పుట్టింది. 28 ఏళ్ళు మాట్లాడుకున్నారు! మా ఇంట్లో గోడ రంగు మీద మూడు రోజులు మాట్లాడితేనే మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోతాడు. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు ఈ ఐక్యత కోసం అంత తిరిగారు, అది చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశారు. పక్కనున్న నంద్యాల ఆంగ్లికన్ సంఘాలు 1947లో చేరలేదు, 1970ల్లో గానీ రాలేదు. ఆ నంద్యాలకే 2013లో పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్ ఆమెనే. ఆ వారం మా స్త్రీల మైత్రిలో మైసూర్ పాక్ పంచాం.

ఆ 28 ఏళ్ళ మాటల్లో కుదిరిన బేరం ఒకటుంది. బిషప్పు ఉంటాడు, అయితే సంఘ రాజ్యాంగానికి లోబడి ఉంటాడు. సభలో మామూలు జనానికీ ఓటుంటుంది. నాకు కుర్చీ దొరికింది ఆ బేరం వల్లే. సంఘం మొత్తానికి పెద్ద మోడరేటర్. అది కూడా పోప్ లాంటి పదవి కాదు. బిషప్పుల్లోనే ఒకరిని సభ ఒక గడువుకు ఎన్నుకుంటుంది. మా తొమ్మిదో తరగతి వాళ్ళకు చెప్పాలంటే క్లాస్ లీడర్: తనూ పిల్లల్లో ఒకడే.

యర్రగుంట్లలో రైలెక్కాం, మా డయాసిస్ వాళ్ళం కొందరం. నా సంచిలో జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, చిత్రాన్నం, అన్నిటి కిందా పచ్చ ఫైలు. మద్రాసులో దిగి ఇంకో రైలు. సభ తమిళనాడులో. ఊరు, సంవత్సరం రాయను. నేను పడిన తికమక చదివి ఆ సభలో ఉన్నవాళ్ళు నన్ను గుర్తుపట్టడం నాకిష్టం లేదు.

హాల్లో డయాసిస్ డయాసిస్‌కు బోర్డు పెట్టి వరసలు. మొత్తం 24. అందులో తెలుగు డయాసిస్‌లు ఆరు: రాయలసీమ, నంద్యాల, కృష్ణా గోదావరి, దోర్నకల్, మెదక్, కరీంనగర్. శ్రీలంక నుంచి జాఫ్నా కూడా ఉంది. దక్షిణ ఇండియా సంఘం అని పేరు పెట్టుకుని సముద్రం దాటింది ఆ ఒక్క డయాసిస్‌తోనే. పొద్దున ఆరాధనలో ప్రభువు ప్రార్థన ఎవరి భాషలో వాళ్ళు చెప్పమన్నారు. అందరం ఒకేసారి మొదలుపెట్టాం. అందరి ఆమెన్ అయిపోయినా మా వెనక వరసలో ఒక తెలుగు పెద్దాయన మాత్రం ఇంకా "శోధనలోకి తేక" దగ్గరే ఉన్నాడు. హాలంతా ఆయన కోసం ఆగింది. ఆయన ఏమాత్రం తొందరపడలేదు.

తర్వాత అసలు పని. పని అంతా ఇంగ్లీషులో. నాకు ఇంగ్లీషు రాదని కాదు. చదివితే అర్థమవుతుంది, నెమ్మదిగా మాట్లాడితే అర్థమవుతుంది. లాయర్ల ఇంగ్లీషు గబగబా చదివితే మాత్రం రైలు కిటికీలోంచి స్టేషన్ పేరు చదివినట్టే. మొదటి అక్షరం, చివరి అక్షరం దొరుకుతాయి.

రెండో రోజు భోజనాలయ్యాక. పైన ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగరకుండా బైబిలు బరువు పెట్టి కూర్చున్నాను. ఒక తీర్మానం చదివారు. పెద్ద సంగతేం కాదు, ఒక నియమంలో రెండు మూడు మాటలు మార్చడం. ప్రతిపాదించేవారు ప్రతిపాదించారు, బలపరిచేవారు బలపరిచారు. అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు. ముందు వరస లేచింది, పక్క వరస లేచింది. నా చెయ్యి కూడా లేచింది. పైకి లేచాక దాన్ని చూశాను. కుడిచెయ్యి, వేళ్ళ సందుల్లో ఇంకా చాక్‌పీస్ తెలుపు, మణికట్టుకు ఆకుపచ్చ గాజులు. ఆ చేతికి ఏం తెలుసని లేచింది?

క్లాసులో రోజూ చూసే చెయ్యే అది. ప్రశ్న అడగ్గానే ముందు బెంచీ వాళ్ళు ఎత్తుతారు, వాళ్ళను చూసి మూడో బెంచీ పిల్ల ఎత్తుతుంది. నువ్వు చెప్పమ్మా అంటే చెయ్యి దించి నేల చూస్తుంది. ఇన్నేళ్ళలో ఆ పిల్లను ఎన్నిసార్లు కసిరానో. "తెలియకపోతే ఎందుకెత్తినావు?" అని.

ఆ రాత్రి రూములో కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం నాలుగుసార్లు చదివాను. తప్పుడు తీర్మానమేం కాదు. తెలిసి ఉంటే కూడా చెయ్యెత్తేదాన్నేమో. ఆ "ఏమో" దగ్గరే నిద్ర పట్టలేదు. మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. "టికెట్ కొట్టకుండా ఎక్కించుకున్నట్టు" అన్నాడు. ఆయనకు అన్నీ బస్సు లెక్కలే.

సంఘ రాజ్యాంగ సవరణ అయితే ఒక పూట చేతులెత్తితే అయిపోయేది కాదు. సినడ్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు పడాలి, ఆ తర్వాత డయాసిస్ కౌన్సిళ్ళలో కూడా మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. అంటే అది తిరిగి కడపకే వస్తుంది, మేమే మళ్ళీ చూడాలి. కొన్ని సవరణలకు పార్లమెంటుతో పాటు రాష్ట్రాలు కూడా ఒప్పుకోవాల్సి ఉన్నట్టు. ఈ పాఠం నేను ఏటా బోర్డు మీద రాస్తాను. రాయడం వేరు, కుర్చీలో కూర్చోవడం వేరు అని మాత్రం పుస్తకంలో లేదు.

మూడో రోజు ఇంకో తీర్మానం వచ్చింది. చదివే ఆయన మంచి వేగంలో ఉన్నారు. లేచాను. లేచాక మైకు దాకా నడవాలి గదా, ఆ పది అడుగుల్లో నోరెండిపోయింది. మైకు నాకంటే జానెడు ఎత్తులో ఉంది, వంచడం రాలేదు. ఒక వాలంటీర్ పిల్లాడొచ్చి వంచాడు. రాత్రి నాలుగు వాక్యాలు రాసుకున్న చీటీ చేతిలోనే ఉంది, ఒక్కటీ గుర్తు రాలేదు. "ప్లీజ్ రీడ్ ఒన్స్ అగైన్, స్లోలీ" అన్నాను. చివర్లో 'సర్' అనడం కూడా మరిచిపోయాను. హాల్లో ఎవరో చిన్నగా నవ్వారు. వేదిక మీద నుంచి మాత్రం, తప్పకుండా అన్నారు. మళ్ళీ చదివారు, ఈసారి ఒక్కో పేరా ఆగి ఆగి. ఆ తీర్మానానికి అనుకూలంగానే చెయ్యెత్తాను. ఆ చెయ్యి నాది.

టీ దగ్గర కర్ణాటక నుంచి వచ్చిన ఒక ప్రెస్బిటర్ గారు నా దగ్గరకొచ్చి, అమ్మా, నాకూ అర్థం కాలేదు, అడగడానికి సిగ్గేసింది అన్నారు. ఆయన ఎంటెక్ చేశారట. నాకు భలే సంతోషమైంది, అది మంచి సంతోషం కాదని తెలిసి కూడా.

మోడరేటర్‌కు, మిగతా పదవులకు రహస్య ఓటు. ఎవరికి వేశానో మా ఆయనకే చెప్పలేదు, మీకు చెప్తానా.

ఇంతలో గోడ. పచ్చ ఫైలు మూడు రోజులూ సంచిలోనే ఉంది. ఎజెండా చూసిన మొదటి పూటే అర్థమైంది, ఈ సభలో ఒక ఊరి సమాధుల గోడ మాట ఎత్తే చోటు లేదని. సినడ్ కింద డయాసిస్ ఉంది, డయాసిస్‌లో ఆస్తుల కమిటీ ఉంది, అక్కడిదది. అయినా పెద్దాయన మొహం గుర్తొచ్చి, ఆఖరి రోజు మా పక్క వరసలో కూర్చున్న ఒక తెలుగు అడ్వకేటు గారికి చూపించాను. ఆయన ఫోటోలు పక్కన పెట్టి ముందు దస్తావేజు తీశారు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని, మసి అక్షరాల మీద వేలు పెట్టి చదివారు.

"అమ్మా, ఇది మిషన్ పేరున ఉన్న కాగితం. దీని తర్వాతది ఏది?"

తర్వాతది ఒకటి ఉంటుందని మాకెవరికీ తెలియదు. ఆయన చెప్పారు: సంఘాలు ఒకటయ్యాక ఆస్తులు చూసుకోవడానికి 1947లోనే సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ అని ఒక కంపెనీ పెట్టారు. గుళ్ళు, బడులు, సమాధుల తోటలు మిషన్ల పేరు నుంచి దాని పేరుకు మారుతూ వచ్చాయి. మీ తోట మారిందా లేదా ముందు చూసుకోండి. ఆ కాగితం లేకుండా సర్వేయరును పిలిచినా, పక్కాయనతో మాట్లాడినా మీ మాట నిలవదు. గోడ ఆఖర్న, ముందు హద్దు. ఇదంతా నా ప్లాస్టిక్ ఫైలు మీదే బాల్‌పెన్‌తో వరసగా రాసిచ్చారు: పాస్టరేట్ కమిటీ తీర్మానం, ఆస్తుల కమిటీకి దరఖాస్తు, నకలు, సర్వే. ఇంటికొచ్చేసరికి సగం చెరిగిపోయింది గానీ నాకు నోటికొచ్చేసింది.

వచ్చిన ఆదివారం ఆరాధన తర్వాత అయ్యగారు నన్ను రిపోర్టు చెప్పమన్నారు. చెప్పాను. 24 డయాసిస్‌లు, తీర్మానాలు, ఎన్నికలు. జనం మర్యాదగా విన్నారు. ఒక అవ్వ మాత్రం, అన్నంలోకి ఏం పెట్టినారు అని అడిగింది. సాంబారు, రసం, చేపల కూర అని చెబితే ఆ ఒక్కదానికే అందరూ తలలూపారు.

పెద్దాయన చివరిదాకా ఆగి అడిగాడు. "గోడ మాట ఎత్తినావా టీచరమ్మా?"

"లేదు పెద్దాయనా."

"మరి మూడు దినాలు ఏం చేసినారు?"

అడ్వకేటు గారి మాట చెప్పాను, తర్వాతి కాగితం ఏది అన్న మాట. ఆయన కాసేపు నేల చూశాడు. తర్వాత లేచి వెస్ట్రీలో, అంటే గుడి పక్క గదిలో, ఉన్న ఇనప్పెట్టె తాళం తీయించాడు. ప్రభు భోజనం గిన్నెలు, చెదలు తిన్న కానుకల రిజిస్టర్లు, ఎప్పటివో క్రిస్మస్ రంగు కాగితాలు, ఒక పెండ్లి రిజిస్టరు వచ్చాయి. రిజిస్టర్లో మా జేజి వేలిముద్ర ఉంది. కాగితం మాత్రం లేదు.

నకలు కోసం శనివారం పెద్దాయనా నేనూ కడప పోతున్నాం. దరఖాస్తు రెండు కాపీలు రాసి పెట్టాను. ప్రొద్దుటూరు దాకా మా ఆయన బస్సే, పొద్దున ట్రిప్పు. పెద్దాయనకు సీటు ఆపి పెడతానన్నాడు. నన్ను మాత్రం నిలబడమన్నాడు.