రెండు అంగన్‌వాడీలు చూసొచ్చా

పాపకి మూడేళ్లు నిండాయి, అంగన్‌వాడీలో వేద్దామని ఈ వారం మా చుట్టుపక్కల రెండు సెంటర్లు చూసొచ్చాను. మొదటిది సొంత బిల్డింగే, గోడల నిండా అఆలు, ఏనుగు బొమ్మలు, కానీ నేను వెళ్లేసరికి టీచర్ ఫోన్‌లో వివరాలు ఎక్కిస్తూ నెట్ రాక అవస్థ పడుతోంది, పిల్లలేమో చాప మీద ఊరికే కూర్చున్నారు. పూర్తిగా ఆవిడ తప్పూ కాదులెండి, 1975లో ఐసీడీఎస్ (ఈ అంగన్‌వాడీలు నడిపే ప్రభుత్వ పథకం) మొదలుపెట్టిందే పోషకాహారం, ఆరోగ్యం, చదువు అన్నీ ఒకేచోట అని, ఆ బరువంతా చివరికి టీచర్ నెత్తినే పడింది. రెండోది అద్దె ఇల్లు, ఒకటే గది, బాత్రూమ్ కూడా ఓనర్లదే. అయినా ఆయమ్మ గుడ్లు వలుస్తుంటే పిల్లలు చుట్టూ చేరి ఒకటీ, రెండూ అని గట్టిగా లెక్కపెడుతున్నారు, మా పాప నా చెయ్యి వదిలించుకుని వెళ్లి వాళ్ల మధ్యలో కూర్చుంది. సోమవారం నుంచి అక్కడికే.